ఆకుపచ్చ పాలెం

తెనాలిలో పుట్టి పెరిగినదాన్ని. గుమ్మం దిగితే ఆటో, ఆటో దిగితే ఆసుపత్రి. అందుకే, ఏ ఊరికి వైద్యం ఎంత దూరమో పటం మీద చూపించే ఉద్యోగం బాపట్లలో దొరికినప్పుడు, ఇదీ ఒక పనేనా అనుకున్నాను.

అరగంటలో ఆసుపత్రికి చేరగలిగే ఊరు ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. ఎరుపు ఊళ్లలో నెలలు నిండినవాళ్లను కాన్పుకు వారం ముందే ఆసుపత్రిలో చేర్చుకుంటారు. రేపల్లె అవతల, పడవ తప్ప దారిలేని ఒక జాలరి పాలెం రంగు వెయ్యకుండా మిగిలిపోతే, అక్కడి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి, ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందని అడిగాను.

"పోటు మీద, నీళ్లు నిండుగా ఉంటే పావుగంటండి. పాటు మీద నీళ్లు తీసేస్తాయి కదండి, అప్పుడు చెప్పలేం" అంది.

నా ఫారంలో ఉన్నది ఒక్కటే గడి. పావుగంట అని రాసేశాను. పాలెం ఆకుపచ్చ అయిపోయింది.

నెల తిరక్కుండానే ఆమె ఫోన్ చేసింది. "తొలిచూలు పిల్ల మేడం, బీపీ కూడా ఉంది. ముందే చేర్చుకోం అంటున్నారేంటండి ఆసుపత్రిలో?"

నాకు ఒళ్లు మండింది. తను చెప్పిందేగా రాశాను! మర్నాడు పొద్దున్నే వెళ్లాను. పోటు మీద పడవ పావుగంటలో దాటేసింది. "చూశారా, పావుగంటే!" అన్నాను దిగుతూనే. ఆశా కార్యకర్త నన్ను నేరుగా ఆ పిల్ల ఇంటికి తీసుకెళ్లింది.

ఆ పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్దామని ముగ్గురం మళ్లీ రేవుకొచ్చేసరికి పాటు మొదలైంది. పడవ బురదలో కూరుకుపోయింది.

"నీళ్లు ఎప్పుడొస్తాయి బాబాయ్?" అని పడవాయన్ని అడిగాను.

"పొద్దు వాలాలమ్మా. కూర్చో."

ఎండలో కూర్చున్నాం. పిల్ల పాదాలు ఉబ్బి ఉన్నాయి. "నొప్పులు ఇలాంటప్పుడొస్తే ఏం చెయ్యాలండి?" అని మెల్లగా అడిగింది. సిగ్గేసింది, భయమూ వేసింది.

సాయంత్రం ఆసుపత్రిలో నర్సు జాబితా చూసి, "మీది ఆకుపచ్చ ఊరమ్మా. నొప్పులొచ్చాక రండి" అంది.

"ఆ రంగు వేసింది నేనేనండి. తప్పు వేశాను" అన్నాను. నా తప్పు నేను ఒప్పుకోవడం మా ఇంట్లోవాళ్లు కూడా ఎప్పుడూ వినలేదు. అక్కడే కాగితం అడిగి, పాటు మీద పట్టిన గంటలన్నీ రాసి సంతకం పెట్టాను.

మంచం ఇచ్చారు. పిల్ల దానిమీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"మా వదినకి ఆరో నెలండి. అప్పటికి రంగు మార్చేస్తారుగా?"