గేటానో నోట ఒక్క మాట

లాస్ ఏంజిలిస్‌లోని లింకన్ హైట్స్‌లో ఉండే గేటానో లబ్రూట్సో సినిమాల్లో చచ్చిపోవడంలో ఆరితేరినవాడు. సిసిలీ నుంచి వచ్చి గోడలకు సున్నం వేసుకుంటున్న మనిషి. మాటల సినిమాలు మొదలయ్యాక స్టూడియోలన్నీ గ్యాంగ్‌స్టర్ కథల వెంట పడ్డాయి. అతని చెంప మీద గాటు చూసి పిలిచారు. అప్పటినుంచి బార్లో, మెట్ల మీద, కారు పక్కన తూటాలకు కూలుతూనే ఉన్నాడు. నోరు విప్పే వేషం మాత్రం రాలేదు.

చివరికి వచ్చింది! ముఠా గుట్టు బయటపెట్టిన ద్రోహి వేషం, చచ్చేముందు బాస్‌తో ఒక్క మాట. పరుగున ఇంటికొచ్చి భార్య ఫిలొమీనాకు చెప్పాడు.

"ఏదీ, నేనే బాస్ అనుకో. అను!" అంటూ ఆమె టమాటా గుజ్జు కలుపుతున్న గరిటెను అతని గుండెకు గురిపెట్టింది.

"బాస్, నేనేం చెప్పలేదు. మా అమ్మ మీద ఒట్టు!"

"ప్రాణాలు కాపాడమనేవాడు ఇంత దర్జాగా అడుగుతాడటయ్యా?" ఆమె పకపకా నవ్వింది.

షూటింగ్ నాడు బాస్ వేషం కట్టిన హీరో వారెన్ కీల్ ఓ మూల కూర్చుని పాలు తాగుతున్నాడు. బక్కపలచటి మనిషి. "కడుపులో మంట బాబాయ్, కాఫీ మానేశాను" అన్నాడు. వీడికా నేను భయపడేది, అనుకున్నాడు గేటానో.

కెమెరా తిరిగింది. కీల్ అరవలేదు. నవ్వుతూ దగ్గరికొచ్చి గేటానో టై ముడి సరిచేశాడు. పెదవులే నవ్వుతున్నాయి, కళ్ళు కాదు.

"మీ అమ్మ కులాసానా?" అన్నాడు మెల్లగా.

ఆ మాట రాసిచ్చిన కాగితంలో లేదు! గేటానోకు ఒళ్ళంతా చల్లబడింది. తన మాట ఎటు పోయిందో తెలియలేదు. "అమ్మా..." అని సిసిలీ భాషలో గొణిగి, తూటా పేలకముందే మోకాళ్ళ మీద కూలిపోయాడు.

"కట్!"

"క్షమించండి, మళ్ళీ చేస్తాను" అన్నాడు గేటానో.

"మళ్ళీ చేస్తే నిజంగానే చంపుతా!" డైరెక్టర్ ఎగిరి గంతేశాడు. "అద్భుతమయ్యా!"

"దడిపించానా బాబాయ్?" అంటూ కీల్ చెయ్యిచ్చి లేపాడు.

సినిమా విడుదలైన రోజు వీధి వీధంతా హాలుకు కదిలింది. తెర మీద కీల్ చెయ్యి టై మీద పడగానే ఫిలొమీనా లేచి నిలబడింది. "చెయ్యి తియ్యరా! మా ఆయన్ని ముట్టుకున్నావో!"

హాలంతా ఇటు తిరిగింది. పక్కనే ముడుచుకు కూర్చున్న గేటానోను గుర్తుపట్టి ఈలలు, చప్పట్లు!

ఆ వారమే మరో రెండు స్టూడియోలు పిలిచాయి. రెండు వేషాల్లోనూ మాటలున్నాయి. రెంటిలోనూ చచ్చాడు, మహా సంతోషంగా.