ఐదో సంచీ

మా ఎమ్మెస్సీ జియాలజీ క్లాసులో ఫస్టు వచ్చింది నేను. రిసెర్చి సీటు వచ్చింది సెకండు వచ్చిన అతనికి. సముద్రంలో చమురు దొరుకుతోందని అందరూ చెప్పుకుంటున్న రోజులు, డెబ్భైల చివర. పెట్రోలియం మీద పీహెచ్‌డీ చేయడానికి మా డిపార్టుమెంటులో ఒకే ఒక్క ఫెలోషిప్పు ఉంది. "సముద్రంలో చమురు తవ్వే రిగ్గు మీదికి ఆడపిల్లని పంపలేమమ్మా" అన్నారు ప్రొఫెసరుగారు, అదేదో నా మంచికే అన్నట్టు. అతను రిగ్గెక్కాడు. నేను కొండెక్కి ముంచింగిపుట్టు బడిలో సైన్సు టీచరుగా చేరాను.

అతను మంచివాడే. అదే నాకు మండేది. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

ఏడాది తర్వాత ఉత్తరం రాశాడు. గోదావరి కలిసేచోట సముద్రం అడుగున తవ్వి తీసిన ఇసుకరాయిలో ఎర్రటి గార్నెట్ ఖనిజపు రేణువులు కనిపించాయట. ఆ ఇసుక ఏ కొండల నుంచి కొట్టుకొచ్చిందో తేలితే, చమురు పట్టి ఉంచే పొర ఎంతమేర ఉందో అంచనా కట్టవచ్చట. మా వైపు కొండవాగులు, ఇక్కడివాళ్ళు గెడ్డలంటారు, తిరిగి తిరిగి చివరికి గోదావరిలోనే కలుస్తాయి. ఐదు గెడ్డల నుంచి ఒక్కో సంచీ ఇసుక పంపగలరా అని అడిగాడు. ఉత్తరంలో ఒక ఫోటో కూడా ఉంది, హెల్మెట్ పెట్టుకుని రిగ్గు మీద నిలబడినది. దాన్ని ఎన్నిసార్లు తీసి చూశానో చెప్పుకుంటే సిగ్గు.

బడిలో వంటచేసే అవ్వను తోడు తీసుకుని నాలుగు ఆదివారాలు నాలుగు గెడ్డలు దిగాను. నీటి లోతు, రాళ్ళ రంగు, అన్నీ చీటీల మీద శ్రద్ధగా రాశాను. రాస్తున్నంతసేపూ ఇది నా థీసిస్సే అనిపించేది. నాలుగో చీటీ కట్టాక గుర్తొచ్చింది, కాదని.

ఐదో ఆదివారం అవ్వ పొద్దున్నే వచ్చి కూర్చుంది.

"గెడ్డకి ఎల్లవేటి, పంతులమ్మా?"

"వెళ్ళను."

కొత్త గది కట్టడానికి మైదానం నుంచి లారీలో తెచ్చి పోసిన ఇసుక బడి ముందే, సిమెంటు బస్తాల పక్కన ఉంది. అందులోంచి నాలుగు దోసిళ్ళు సంచీలో పోసి, నేను చూడని గెడ్డ పేరు చీటీ మీద రాశాను.

"ఏటి సేత్తన్నావమ్మా? ఆ బాబు సదువు సెడిపోదా?" అంది అవ్వ.

చెడిపోనీ అనుకున్నాను. పైకి మాత్రం, ఇసుకేగా అన్నాను.

నెల తిరక్కుండా జవాబొచ్చింది. "ఐదో సంచీ గురించి మాట్లాడాలి. శనివారం వస్తున్నాను." అంతే. దొంగ చీటీ రాసిందని డిపార్టుమెంటులో తెలిస్తే ఇక ఆ గుమ్మం తొక్కలేను. ఆ సీటు మీద నాకింకా ఆశ చావలేదు మరి.

ఎండకి నల్లబడి, బస్సు దిగి వచ్చాడు. "ఆ గెడ్డ చూపిస్తారా?" అన్నాడు, ఇంకేమీ అడగకుండా. అవ్వ ముందు నడిచింది. నీళ్ళ దగ్గర వంగి గుప్పెడు ఇసుక తీసి, భూతద్దం పెట్టి చూశాడు. నాకు అద్దం లేకుండానే కనిపిస్తున్నాయి, ఎర్రటి గార్నెట్లు.

"మీకు పంపింది బడి దగ్గరి ఇసుకండీ," అన్నాను. "కావాలనే పంపాను."

"మొదటిరోజే తెలిసింది. యాసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగింది. సిమెంటు కలిసిన ఇసుక." తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ సంచీ దారిలో చిరిగిపోయిందని ప్రొఫెసరుగారితో చెప్పాను. వచ్చే ఏడు మీరు మళ్ళీ అప్లై చేస్తారు కదా."

ఎందుకు చేశారని అతను అడగలేదు. అడిగి నాలుగు మాటలు అన్నా బాగుండేది. సంచీ తనే నింపి, చీటీ మాత్రం రాయమని నా చేతికిచ్చాడు, మీ అక్షరం బాగుంటుందని.

మరుసటేడు అప్లై చేశాను. రాలేదు. అతనికి డాక్టరేటు వచ్చాక థీసిస్ కాపీ ఒకటి పంపాడు. చివరి పట్టికలో ఐదు నమూనాలు, వాటి పక్కన సేకరించినవారి పేరు. ఐదింటికీ నా పేరే ఉంది. ఐదోదానికి కూడా.

డాక్టరేటు ఒక్కటే అతనిదైతే ఎలాగో ఓర్చుకునేదాన్ని, పెద్దమనసు కూడా అతనిదే అయింది. ఆ పేజీ మాత్రం ఇప్పటికీ రెండోసారి తెరవలేదు.