తుమ్మబంక పోసిన ట్యూబు

నా చిన్నప్పుడు నేను అబద్ధం చెప్పని రోజు ఉండేది కాదు. బచ్చన్నపేట దగ్గరి మా ఊళ్లో వాన పడకపోతే, మేఘాన్ని మా మేకే మేసేసిందని చెప్పేదాన్ని. పెద్దలు నవ్వేవారు. మా బాపు తమ్ముడు, మా చిన్నాయన మాత్రం నవ్వకుండా చివరిదాకా వినేవాడు.

ప్రత్యేక తెలంగాణ కోసం మొదటిసారి ఊళ్లు లేచిన రోజులవి. బడి మూసేశారు, బస్సులు బందయ్యాయి. చిన్నాయన పొద్దున లేస్తే సైకిల్ మీద సభలకు పోయేవాడు. దారంతా తుమ్మముళ్లు, రోజూ పంక్చరే. ఒకనాడు ట్యూబుకు అతుకు వేస్తూ ఆయన విసుక్కుంటుంటే నా నోరు ఊరుకోలేదు.

"చిన్నాయినా, వరంగల్ల మా మామ దోస్తు ఒకాయన తుమ్మబంక నీళ్లల్ల కరగబెట్టి ట్యూబుల పోసిండట. ముల్లు గుచ్చితె బంకనే పోయి బొక్క మూస్తదట. ఏడాదాయె, ఒక్క పంక్చర్ లేదు!"

అలాంటి దోస్తు మా మామకు ఎవరూ లేరు.

"నిజమేనా బిడ్డా?"

"అవ్వ మీద ఒట్టు."

ఇద్దరం పోయి బంక ఏరుకొచ్చాం. నేనే కరిగించాను. ఆయన వాల్వు విప్పి సన్న గొట్టంతో పోశాడు. విచిత్రం, రెండు రోజులు గాలి దిగలేదు. "మా పిల్ల ఇంజినీరు" అని ఊరంతా చెప్పుకున్నాడు. నా అబద్ధాన్ని నేనే నమ్మడం మొదలుపెట్టాను.

మూడో రోజు మా అవ్వకు ఆయాసం లేచింది. గోలీలు అయిపోయాయి, దొరికేది జనగామలోనే. చిన్నాయన తెల్లవారుతూనే సైకిలెక్కాడు. ఇక అవసరం లేదని అతుకు సామాను ఇంట్లోనే వదిలేశాడు. పగటి అన్నం వేళకు రావాల్సినవాడు రాలేదు.

అవ్వ గోడకు ఆనుకుని ఒక్కో ఊపిరినీ బావిలోంచి చేదినట్టు లాగుతోంది. "ఏదన్న కత చెప్పు పిల్లా, జర పానం మల్లుతది" అంది. మేఘాలు మేసే మేక ఒక్కటీ నోటికి రాలేదు. నేను పెట్టిన ఒట్టే ఆమె గొంతు పట్టుకుందని నా భయం. కాళ్లు ఒత్తుతూ కూర్చున్నాను.

పొద్దు గూకే వేళకు చిన్నాయన సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. చెప్పు తెగింది, పాదాలు బొబ్బలెక్కాయి. గోలీ మింగిన కాసేపటికి అవ్వ ఊపిరి నెమ్మదించింది.

"గింత పొద్దువాయె, ఏమైందిర?" అన్నాడు బాపు. నేను తలుపు వెనక నక్కాను.

"ఏం చెప్పాలె అన్నా! తొవ్వల ఎలుగొడ్డు ఎదురైంది. సైకిల్ నేర్పుమని ఒకటే లొల్లి. నేర్పి వచ్చేసరికి గీ యాళ్లాయె."

అందరూ నవ్వారు. అవ్వ కూడా. నేను నవ్వలేకపోయాను. అది అచ్చంగా నా తీరు అబద్ధం, నన్ను కాయడానికి చెప్పింది.

మరునాడు ఇద్దరం ట్యూబు విప్పి చూశాం. గాలి పోయాక బంక గట్టిపడి లోపలంతా అతుక్కుపోయింది, వాల్వు మూసుకుపోయింది. తిరుగుదారిలో ముల్లు దిగితే, ఎవరో పంపు ఇచ్చినా గాలి ఎక్కలేదట.

"నీ మాట మీద ఎక్కి పోయిన బిడ్డా" అన్నాడు. అంతే. ఒక దెబ్బ కొట్టినా బాగుండేది.

అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఒట్టు సంగతి ఆమెకు చెప్పే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు.

మొన్న మా చిన్నోడు తన సన్న టైర్ల సైకిల్ చక్రంలో పంక్చర్ పడకుండా ఏదో పచ్చటి మందు పోసి, టైరుకు మేకు గుచ్చి చూపించాడు. గాలి బుస్సుమని, అంతలోనే ఆగిపోయింది. "చూసినవా అమ్మా!" అని వాడి సంబరం. "అతుకు సామాను పెట్టుకున్నవా?" అని మాత్రం అడిగాను.

కోతలు కోయడం నేను ఇప్పటికీ మానలేదు. కానీ విన్నవాళ్లు లేచి చెప్పులు వేసుకుంటుంటే మాత్రం గుమ్మం దాకా వెంటపడి, అది అబద్ధమని చెప్పి వస్తాను.