వాపు మాత్రలు

మా నాయన ఆదోని పత్తి మార్కెట్లో నాణ్యం చూసే మనిషి. బోరెం సంచిలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, తేమ ఎంతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. రైతులూ వ్యాపారులూ ఇద్దరూ ఆ మాటకు ఒప్పుకునేవాళ్ళు. ఇంట్లో మాత్రం ఆయన తుమ్ములకు మేమంతా తల పట్టుకునేవాళ్ళం. మా ఊళ్ళో పత్తి పనిలో ఉన్నవాళ్ళకు ముక్కు దిబ్బడ జబ్బు కిందకే రాదు. దుమ్ము అని తేల్చేస్తారు.

కరోనా రోజుల్లో ఆయనకు ఊపిరితిత్తులు వాచాయి. అప్పటికే షుగరు ఉంది. ఆస్పత్రిలో వాపు తగ్గేదానికి స్టెరాయిడ్ మాత్రలిచ్చి, కొన్నాళ్ళకు ఆపమన్నారు. కోలుకుని ఎమ్మిగనూరులో మా ఇంట్లో ఉండగా ముక్కు మూసుకుపోయింది, ఒక చెంప ఉబ్బింది.

“పత్తి దుమ్ము పాపా. ఆ వాపు మాత్రలే ఇంకో వారానికి తెచ్చియ్యి. అవి మింగినన్నాళ్ళు ఒళ్ళు బో తేలిగ్గా ఉండె.”

నేను కాలేజీలో జీవశాస్త్రం చెప్పేదాన్ని. అయినా పాత చీటీ పట్టుకుపోయి తెచ్చిచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ మాత్రలు అయిపోకముందే కన్ను వాచి మూసుకుపోయింది. కర్నూలు తీసుకుపోతే, బ్లాక్ ఫంగస్ అనే బూజు ముక్కులోంచి కంటిదాకా పాకిందన్నారు. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. రక్తంలోని కాపలా కణాల మీద గ్రాహకాలుంటాయి. అవి బూజు పైపొరను తడిమి గుర్తుపట్టి, మిగతా కణాలను పిలుస్తాయి. ఆ పిలుపుతో వచ్చేదే వాపు. మితిమీరితే ఊపిరితిత్తులు పాడవుతాయి కాబట్టి మొదట దాన్ని అణచాల్సి వచ్చింది. పూర్తిగా అణిచేస్తే బూజుకు అడ్డే ఉండదు. నాయన పత్తిని తడిమినట్టే కదా అనుకున్నాను. ఆ కణాల నోరు నొక్కింది నేను తెచ్చిన మాత్రలు.

“ఆపమన్న మాత్రలు మళ్ళీ ఎవరు తెచ్చిచ్చినారు?” అని ఆమె అడిగింది.

“నేనే తెచ్చుకుంటిమ్మా. పాపకు తెలీదు,” అన్నాడు నాయన.

కన్ను తీసేశారు, ప్రాణం దక్కింది. మళ్ళీ మార్కెట్టుకు పోయాడు. పత్తి చూసేదానికి కన్నెందుకని నవ్వేవాడు. చుట్టాలు ఎవరడిగినా మాత్రలు తానే కొన్నానని చెప్పేవాడు. పోయిన ఏడు ఆయన కాలం చేశాడు. అంతకుముందు, క్షమించమని అడుగుదామని ఎన్నోసార్లు పక్కన కూర్చున్నాను. నేను నోరు తెరవబోతే చాలు, “టీ పెట్టుపో పాపా” అని లేపేసేవాడు.