అప్పలరాజు ఎత్తిన హెల్మెట్

దెయ్యాలు, సోదెలు, కలలో పెద్దలు కనిపించడాలు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. ఇది మాత్రం నాకే జరిగింది గనక రాస్తున్నాను.

విశాఖ పోర్టులో పదకొండేళ్ళు క్రేన్ నడిపాను. క్యాబిన్‌లో కూర్చున్నవాడికి ఓడ అడుగున ఏముందో కనబడదు. అంచున నిలబడి సైగ చేసే సిగ్నల్‌మేనే వాడి కళ్ళు. నా సిగ్నల్‌మేన్ అప్పలరాజు, సబ్బవరం మనిషి. ఆపమనడానికి అతనిదో సొంత పద్ధతి. పసుపు హెల్మెట్ తీసి రెండు చేతులతో నెత్తిపైకి ఎత్తేవాడు. అది కనబడితే ఎందుకని అడగను, ఆపేస్తానంతే.

తర్వాత కువైట్ వెళ్ళి, సైన్యానికి నీళ్ళు మోసే ట్యాంకర్ డ్రైవర్‌నయ్యాను. సంకీర్ణ సేనలు సరిహద్దు దాటి దాడి మొదలుపెట్టిన పొద్దున, యుద్ధ ట్యాంకుల వెనకే మా బళ్ళూ కదిలాయి. ఇసుక కట్టని కోసి దారి చేశారు. రెండువైపులా తెల్ల టేపు కట్టారు. దాని అవతల మందుపాతరలు. పక్క సీట్లో మా బావమరిది. వాడికేం కానివ్వనని మా అత్తగారికి మాటిచ్చి తీసుకెళ్ళింది నేనే.

ముందు బళ్ళు లేపిన దుమ్ములో టేపు కనబడలేదు. అయినా నాకు దారి తెలుసన్న ధీమాతో పోనిస్తున్నాను. ఎదురుగా పది గజాల్లో అప్పలరాజు! నెత్తిపైన పసుపు హెల్మెట్. నా కాలు దానంతటదే బ్రేకు తొక్కేసింది.

“ఆపీసినావేటి బావా?” అన్నాడు బావమరిది. వాడికి ఎవరూ కనబడలేదట.

దుమ్ము తగ్గాక చూస్తే టేపు మా ముందు చక్రం కింద ఉంది. సైనికులొచ్చి ఇసుక తప్పించి చూపించారు. మూరెడు దూరంలో మందుపాతర. బండిలో గడియారం ఆరు చూపిస్తోంది.

వారానికి ఫోన్ దొరికింది. అప్పలరాజు పోయే ఉంటాడని గుండె చిక్కబట్టుకుని చేశాను. ఎత్తింది అతనే. ఆ గొంతు వినగానే ఏడుపొచ్చేసింది.

నేనేమీ చెప్పకముందే అతనే చెప్పాడు. అదే రోజు అక్కడ ఎనిమిదిన్నరకి, అంటే మాకు సరిగ్గా ఆరింటికి, క్రేన్ ఖాళీగా ఉంటే హెల్మెట్ ఎత్తి నిలబడ్డాడట. గ్యాంగంతా నవ్వారట, సూపర్వైజర్ తిట్టాడట.

“మరెందుకెత్తావు?” అన్నాను.

“నాకేటి తెల్సు? నువ్వు కిందకి సూడకుండా దించేత్తన్నావ్ అనిపించీసింది.”

నేను ఆ క్రేన్ వదిలి అప్పటికి రెండేళ్ళు.

ఇప్పుడు మా బావమరిదికి ఇద్దరు పిల్లలు. అప్పలరాజు ఇంటికొస్తే వాడు ముందుగా అతని కాళ్ళకి దణ్ణం పెడతాడు. అతను సిగ్గుపడి వెనక్కి జరుగుతాడు. “ఊరుకోరా, నాను సేసిందేటి?” అంటాడు.

ఏం చేశాడో అతనికీ తెలీదు, నాకూ తెలీదు.