కంకణం కట్టిన స్విచ్

కరోనా తగ్గి పెళ్ళిళ్ళు మళ్ళీ మొదలైన ఏడాది, వేసవి చివర్లో నన్ను చేవెళ్ల దగ్గరి ఒక పూల కోల్డ్ స్టోరేజీకి సీనియర్ కమిషనింగ్ ఇంజనీర్‌గా వేశారు. పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి సైటు. చేవెళ్ల, మొయినాబాద్ వైపు గులాబీలు, జెర్బెరాలు పండించే రైతులు కొందరు కలిసి కట్టుకున్న భవనం అది. మూడు చల్లని గదులు, ఒక ప్యాకింగ్ హాలు. ఫ్యాన్లు, కంప్రెసర్లు, తలుపులు, దీపాలు అన్నిటినీ ఒకే కంట్రోలర్‌కు కలిపి, అది చెప్పినట్టు అవి నడుస్తున్నాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూడటమే కమిషనింగ్. సిటీలో ఆఫీసు భవనాలకు ఈ పని చేసీ చేసీ వచ్చినవాణ్ణి. పూలకు చేయడం మాత్రం అదే మొదలు.

మా పనిలో కమాండ్ వేరు, స్టేటస్ వేరు. తిరగమని ఫ్యాన్‌కు కంట్రోలర్ పంపేది కమాండ్. నిజంగా తిరుగుతున్నానని ఫ్యాన్ నుంచి తిరిగి వచ్చేది స్టేటస్. కొత్తవాళ్ళు మొదటిదాన్ని చూసి మురిసిపోతారు. నాకు రెండోది కనబడితే గాని అన్నం సహించదు. ఇవి కాక ప్రతి యంత్రానికీ ప్యానెల్ మీద ఒక తిప్పుడు స్విచ్ ఉంటుంది. అది ఆటోలో ఉంటేనే కంట్రోలర్ మాట చెల్లుతుంది. ఆఫ్‌లో ఉంటే ఎవరి మాటా చెల్లదు. లోపల మెకానిక్ చెయ్యి ఉండవచ్చు కదా, అందుకని.

దసరా నాడు ఇంట్లో భోజనానికి కూర్చోబోతుంటే ఫోన్‌కు అలారం వచ్చింది. రెండో గది ఫ్యాన్‌కు కమాండ్ ఉంది, స్టేటస్ లేదు. ఫోన్‌లోంచే మళ్ళీ కమాండ్ పంపాను. లాభం లేకపోయింది. సైటులో ఉన్న ఆపరేటర్ యాదయ్యకు ఫోన్ చేశాను.

"స్క్రీన్ మీద పచ్చగనే ఉన్నది సార్, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు.

పచ్చగా ఉన్నది కమాండ్. వెళ్ళి ప్యానెల్ చూడమన్నాను. అప్పుడు బయటపడింది సంగతి. పొద్దున ఆయుధ పూజ చేశారు. అన్నం పెట్టే యంత్రాన్ని కాసేపు ఆపి, తుడిచి, బొట్టు పెట్టి, కంకణం కట్టారు. కట్టింది మర్నాటి దాకా కదిలించరట. మిగతా గదుల కంకణాలు ప్యానెల్ తలుపు పిడికి కట్టారు. రెండో గదిలో ఉన్నవి ఆ రైతుల్లో ఒకరైన అనసూయమ్మ పూలు. ఆమె తన చేత్తో ఏకంగా స్విచ్‌కే కట్టి, దారం పిడి దాకా బిగించింది. స్విచ్ ఆఫ్‌లో ఉండిపోయింది. గది ఎలాగూ చల్లగా ఉంది, ఒక్క పూటకు ఏమవుతుందని యాదయ్య ఊరుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ కంకణం కట్టింది యంత్రం పది కాలాలు చల్లగా నడవాలనే కదా, ఎవరి మీద కోప్పడను? ఫోన్ ఆమెకు ఇమ్మన్నాను.

"ఒక్క పొద్దే గద సారూ. పండుగ పూట కంకణం తెంపుతే మంచిగుంటదా?" అంది.

పొద్దున కోసిన పూలలో తోట వేడి ఇంకా ఉంటుందని, గాలి ఆగితే ఆ వేడి గదిలోనే నిలిచిపోతుందని, రాత్రికల్లా మొగ్గలు విచ్చుకుంటాయని చెప్పాను. విచ్చుకున్న గులాబీని పెళ్ళి మండపాలవాళ్ళు ముట్టుకోరని ఆమెకు నేను చెప్పాలా?

"నిరుడు కొనెటోళ్ళు లేక ట్రాలీ పూలు గెట్టు మీద పారబోసిన సారూ. మల్ల గట్ల చూడలేను" అంది. నేను చేయగలిగింది ఇంకేమీ లేదు. ఆ స్విచ్‌ను ఇక్కడి నుంచి తిప్పే ఉపాయం మా శాస్త్రంలో లేదు. నిర్ణయం ఆమెది.

కొద్దిసేపటికి నా ఫోన్‌లో స్టేటస్ వెలిగింది. వెంటనే ఆమె గొంతు.

"తెంపలే సారూ. ముడి ఇప్పి పిడికి కట్టిన. కంకణం ఉన్నది, గాలీ ఉన్నది."

ఆ రోజు చల్లారిన పులిహోర తిన్నంత తృప్తిగా నేను ఏ విందూ తినలేదు. మర్నాడు వెళ్ళి చూస్తే మొగ్గలు ముడుచుకునే ఉన్నాయి. అనసూయమ్మ నా చేతిలో జమ్మి ఆకు పెట్టింది. నేను ఆమెకు దండం పెట్టాను. తన నమ్మకాన్నీ నా మాటనూ రెంటినీ నిలబెట్టింది కదా.

కంట్రోలర్‌కు ఎన్ని యంత్రాలు కలిపినా దాని అధికారం ఆ తిప్పుడు స్విచ్ దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి నడిపేది మనుషులు. వాళ్ళు ఎక్కడ ఏం కడతారో తెలుసుకోవడం కూడా కమిషనింగ్‌లో భాగమే. ఆ వారమే ప్రతి ప్యానెల్ తలుపు మీదా కంకణానికని ఒక కొక్కెం బిగించి, డ్రాయింగులో దానికీ నంబరు వేశాను. భవనం అప్పగించే రోజున తనిఖీకి వచ్చిన ఇంజనీరు ఇదేమిటని అడిగాడు. భద్రతా పరికరం అని చెప్పాను.