పాలు మాన్పించిన ఖాసింబక్క

మల్లెపూల గంప వీధిలోకి వచ్చిందంటే ఇప్పటికీ నా రొమ్ములు బరువెక్కినట్టుంటాయి. ఆ వాసనకు ఎవరికేం గుర్తొస్తుందో గానీ, నాకు ఖాసింబక్క గుర్తొస్తుంది. వరంగల్లులో మా ఆయన కిరాణా దుకాణం వెనకే మా ఇల్లు, గోడకు అవతల ఆమె ఇల్లు. పూలు అల్లి అమ్మేది. పిల్లలు లేరు.

అరవైల్లో మాట. నా బిడ్డ స్వరూప అప్పుడప్పుడే నిలబడుతున్న చంటిది. నాకు గొంతు ఉబ్బి, గుండె దడదడలాడి, చేతులు వణికేవి. పట్నం దవాఖానకు పోతే, బిడ్డను ఎత్తుకుని ఖాసింబక్క కూడా వచ్చింది. కిరణాలు విడిచే మందు తాగించాలన్నాడు డాక్టరు. అది పాలలోకి దిగి పసిదాని గొంతును చెడగొడుతుందట. ముందే పాలు మాన్పించి, పూర్తిగా ఎండాకే రమ్మన్నాడు. ఈ బిడ్డకు ఇక ఎన్నడూ ఇవ్వొద్దన్నాడు. మందు తాగాక కొన్నాళ్లు దగ్గరికి కూడా తీయొద్దన్నాడు.

ఇంటికొచ్చాక ఖాసింబక్క అమ్మాల్సిన మల్లెలు తెచ్చి, పాలు ఎండడానికి నా రొమ్ములకు కట్టింది. "ఏడువకు చెల్లె. నువ్వుంటెనే గద దానికి తల్లి ఉన్నట్టు," అంది.

మందు తాగి వచ్చాక బిడ్డ ఆమె దగ్గరే పెరిగింది. రోజూ ఖాసింబక్క గోడ అవతల నిలబడి దాన్ని చూపించేది.

"జర దగ్గరికి తేరాదక్కా!"

"తేను. ఎంత తిడ్తవో తిట్టుకో."

మా అత్త నేను బిడ్డకు దూరంగా ఉన్న రోజుల్ని పురుటి మైలలాగే లెక్కకట్టింది. గడువు తీరగానే నాకు తలంటు పోసి, "మైల పోయింది. నోట్లె పెడితె పాలు అవే పడ్తయి, ఇయ్యి," అంది.

ఖాసింబక్క అడ్డం వచ్చింది. "నీళ్లు పోస్తె పోయేది కాదు పెద్దమ్మా. ఎత్తుకోనియ్యి, పాలు మాత్రం వద్దు."

"పూలమ్ముకునేదానివి, నాకు చెప్పొస్తివా?"

"డాక్టరు చెప్పంగ ఇద్దరం విన్నం. చెల్లెనడుగు."

నేను తలూపాను. చేతులు చాపితే బిడ్డ నా దగ్గరికి రాలేదు. ఖాసింబక్క కొంగు పట్టుకుని, "అమ్మా" అంది, ఆమెనే. ఆ వేళ్లు ఒక్కొక్కటే విడిపించి, "నేను కాదే పిచ్చిదానా, అగో మీ అమ్మ," అంది ఖాసింబక్క.

మర్నాటి నుంచి ఆమె మా గడప తొక్కలేదు. బిడ్డ గోడ దగ్గర నిలబడి పిలిచినా పలకలేదు. అట్లా బిడ్డ మెల్లగా నాదైంది. తర్వాత ఖాసింబక్క వాళ్లు తొర్రూరుకు వెళ్లిపోయారు. పోయి చూడాలనుకుంటుండగానే ఆమె పోయిందని కబురొచ్చింది. ఆ పిలుపు వింటూ గోడ అవతల ఎట్లా ఉండగలిగావని అడగనేలేదు.

స్వరూపకు ఇప్పుడు పిల్లలు. నా ఒళ్లో వాళ్ల కళ్లు మూతలు పడుతున్నాయనగా తీసుకుపోయి తల్లి పక్కన పడుకోబెడతాను. ఆ తర్వాత కాసేపు నా చేతులకు ఏమీ తోచదు.